చిన్న దుకాణానికి ఉచిత ఫాంటు: ఒత్తు దగ్గరే అసలు పరీక్ష

పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన, రామభద్రుడు, సూరన, రామరాజభూషణుడు, తెనాలి రామకృష్ణుడు. అష్టదిగ్గజాలు ఎనిమిది మందీ ఇవాళ గూగుల్ ఫాంట్స్‌లో కొలువు తీరి ఉన్నారు. ఒక్కొక్కరి పేరుతో ఒక్కో తెలుగు ఫాంటు ఉంది, శ్రీకృష్ణదేవరాయల పేరుతో ఇంకొకటి ఉంది. గిడుగు, గురజాడ, సురవరం, ఎన్టీఆర్ కూడా ఫాంట్లయ్యారు. సిలికానాంధ్ర సంస్థ చొరవతో 2010 దశకంలో వచ్చిన ఈ ఫాంట్లకి తోడు నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూర్, బాలూ తమ్ముడు, అనేక్ తెలుగు, టీరో తెలుగు లాంటివీ చేరాయి. వీటిలో దేనికీ పైసా కట్టక్కర్లేదు. కర్రీ పాయింటు పెట్టుకునేవాళ్లకీ, ఇంట్లో పచ్చళ్లు పట్టి అమ్మేవాళ్లకీ, టైలరింగ్ షాపు తెరిచేవాళ్లకీ బోర్డు రాతలో ఇంత ఎంపిక ఇంతకు ముందెప్పుడూ లేదు.

ఎంపిక పెరిగేసరికి చిక్కు కూడా పెరిగింది. చాలామంది జాబితా తెరుస్తారు, నమూనా వాక్యం చూస్తారు, కంటికి నచ్చినదాన్ని దింపుకుంటారు. ఇంగ్లిష్‌కైతే ఈ పద్ధతితో సగం పనైనా జరుగుతుంది. తెలుగులో అదీ జరగదు. మన అక్షరం తీరు విడిగా ఉన్నప్పుడు కాదు, కింద ఒత్తు, పైన గుడి పడ్డప్పుడు బయటపడుతుంది. అందుకని జాబితాలోంచి ఫాంటు తీసి పేరుకి తొడగకూడదు. మీ దుకాణం పేరు పట్టుకుని, అది ఎంత దూరం నుంచి చదవాలో, ఏ వస్తువు మీద ఎక్కాలో చూసుకుని, ఆ పరీక్షకి నిలిచిన ఫాంటునే తీసుకోవాలి. ఈ మాట ఎందుకు అంటున్నానో తెలియాలంటే ముందు ఫాంటు లోపల ఏం జరుగుతుందో చూడాలి.

చుక్కలు, సంకేతాలు, నియమాలు

ఫాంటు ఫైలులో అక్షరాల ఫొటోలు ఉండవు. కొన్ని చుక్కలు, ఆ చుక్కల ఆధారంగా గీత ఎలా వంగాలో చెప్పే లెక్కలు ఉంటాయి. చుక్కలు పెట్టి మెలికల ముగ్గు తిప్పినట్టే, కంప్యూటర్ ఆ చుక్కల చుట్టూ గీత తిప్పి అక్షరం తయారుచేస్తుంది. ఈ వంపుల గణితం కార్ల ఫ్యాక్టరీల నుంచి వచ్చింది. ఫ్రాన్స్‌లోని సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జో, రెనో కంపెనీలో పియర్ బెజియే కారు బాడీ వంపులను లెక్కగట్టడానికి 1960 ప్రాంతంలో దీన్ని వేర్వేరుగా రూపొందించారు. ఇప్పుడు వీటిని బెజియే వంపులు అంటున్నాం.

దుకాణదారుకి దీనివల్ల ఒక లాభం ఉంది. విజిటింగ్ కార్డు మీద 3 మిల్లీమీటర్ల అక్షరమూ, బోర్డు మీద అడుగు అక్షరమూ ఒకే లెక్క నుంచి పుడతాయి. ఎంత పెంచినా అంచు నున్నగానే ఉంటుంది. అదే పేరుని జేపెగ్‌గా చేసి వాట్సాప్‌లో పంపారనుకోండి, వంపుల లెక్కలు పోయి రంగు చుక్కలు (పిక్సెళ్లు) మాత్రం మిగులుతాయి. దాన్ని ఫ్లెక్సీ సైజుకి లాగితే అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. చాలా బోర్డుల మీద అక్షరం మసకబారడానికి కారణం ఫాంటు కాదు, ఈ జేపెగ్ ప్రయాణమే.

ఇక రెండోది సంకేతాలు. యూనికోడ్ తెలుగుకి 0C00 నుంచి 0C7F వరకు 128 గడులు ఇచ్చింది. అందులో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు ఉన్నాయి గానీ ఒత్తులకంటూ విడి గడులు లేవు. ‘స్త్రీ’ అని మనం చూసేదాన్ని కంప్యూటర్ ఆరు సంకేతాలుగా దాచుకుంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ‘క్ష్మీ’ కూడా ఆరే: క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి దీర్ఘం.

ఈ ఆరింటినీ ఒక్క అక్షరంగా కూర్చే పని మూడో భాగానిది. మైక్రోసాఫ్ట్, అడోబి కలిసి 1996లో ప్రకటించిన ఓపెన్‌టైప్ పద్ధతిలో ప్రతి ఫాంటు తనతోపాటు కొన్ని పట్టికలు మోసుకొస్తుంది. ఒక పట్టిక ఏ గుర్తులు కలిస్తే ఏ రూపం పెట్టాలో చెబుతుంది. స మీద గుడి దీర్ఘం పడితే తలకట్టు తీసేయాలి, పొల్లు తరవాత త వస్తే దాన్ని త ఒత్తుగా మార్చాలి అన్నవి ఆ పట్టికలోని నియమాలు. ఇంకో పట్టిక ఆ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో చెబుతుంది. ఈ పట్టికలు చదివి అమలు చేసే ప్రోగ్రాములు వేరే ఉంటాయి. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్‌లలో హార్ఫ్‌బజ్ అనే ఉచిత ప్రోగ్రాము ఈ పని చేస్తుంది.

కాబట్టి తెలుగు విరిగిపోయి కనిపిస్తే తప్పు రెండు చోట్ల ఉండొచ్చు. ఫాంటు చేసినవాళ్లు ఏదో ఒక కలయికకి నియమం రాయకపోయి ఉండొచ్చు. లేదా ఫాంటు బాగానే ఉండి, మీరు వాడే సాఫ్ట్‌వేర్‌కి దాన్ని చదవడం రాకపోవచ్చు. ఒకే పేరుని ఒకే ఫాంటులో రెండు ప్రోగ్రాముల్లో కొట్టి చూస్తే తప్పు ఎటుందో తేలుతుంది.

ఉచితం అన్నవన్నీ ఒకటి కావు

‘ఫ్రీ ఫాంట్స్’ అని వెతికితే వేల ఫాంట్లు కనిపిస్తాయి. వాటిని మూడు రకాలుగా విడదీసుకోవాలి.

మొదటి రకం నిజంగా స్వేచ్ఛ ఇచ్చేవి. గూగుల్ ఫాంట్స్‌లోని తెలుగు ఫాంట్లు దాదాపు అన్నీ ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నవే. ఇప్పుడు చెలామణిలో ఉన్న ఆ లైసెన్స్ కూర్పు 2007 నాటిది. దాని ప్రకారం ఫాంటుని వ్యాపారానికి వాడుకోవచ్చు, లోగో చేసుకోవచ్చు, డబ్బాల మీద అచ్చేయొచ్చు, వెబ్‌సైట్‌లో పెట్టొచ్చు, అక్షరాల రూపం మార్చుకోవచ్చు కూడా. ఫాంటు ఫైలుని మాత్రం విడిగా అమ్మకూడదు. మార్చిన ఫాంటుని పదిమందికీ పంచితే అది కూడా ఇదే లైసెన్స్ కింద ఉండాలి. ఆ ఫాంటుతో చేసిన లోగోకి, బోర్డుకి ఈ షరతులేవీ వర్తించవు, అవి పూర్తిగా మీవే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన 2000, వేమన 2000, రెడ్ హ్యాట్ కంపెనీ విడుదల చేసిన లోహిత్ తెలుగు కూడా స్వేచ్ఛగా వాడుకునేవే. యూనికోడ్ తెలుగు ఫాంట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజుల్లో ఎంతో మందికి ఇవే దిక్కు.

రెండో రకం సొంత వాడకానికి మాత్రమే ఉచితమైనవి. పుట్టినరోజు కార్డుకి వాడుకోవచ్చు, మసాలా పొడి ప్యాకెట్ మీద వేయకూడదు. వ్యాపారానికి వేరే రుసుం కట్టాలన్న మాట ఫైలుతో వచ్చే చిన్న టెక్స్ట్ ఫైలులో ఉంటుంది. చాలామంది దాన్ని తెరవరు.

మూడో రకం ఎవరో డబ్బు పెట్టి కొన్న ఫాంటుని ఇంకెవరో ఇంటర్నెట్‌లో పెట్టేసినవి. ఇవి ఉచితం కావు, దొంగ సరుకు. వ్యాపారం చిన్నగా ఉన్నంతకాలం ఎవరూ అడగకపోవచ్చు. నాలుగు ఊళ్లకి సరుకు పంపే రోజు వచ్చాక, వేల లేబుళ్లు అచ్చయ్యాక అడిగితే ఆ పేరుని మళ్లీ మొదటినుంచి రాయించుకోవాలి.

విండోస్‌తో వచ్చే గౌతమి, వాణి, నిర్మల లాంటివి ఇంకో సంగతి. అవి మీ కంప్యూటర్‌లో ఉన్నాయి కాబట్టి వాటితో రాసి అచ్చేసుకోవచ్చు. ఫాంటు ఫైలుని తీసి ఇంకొకరికి ఇవ్వడానికి, వెబ్‌సైట్‌లోకి ఎక్కించడానికి మాత్రం ఆ అనుమతి సరిపోదు.

ఫాంటు దింపుకున్న రోజే దానితో వచ్చిన లైసెన్స్ ఫైలుని కూడా అదే ఫోల్డర్‌లో దాచుకోండి. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి అదే కాగితం.

పేరు పెట్టి చూడటం

‘శ్రీ లక్ష్మీ ఫుట్‌వేర్’ అని ఒక దుకాణం ఉందనుకుందాం. ఊరికొకటి ఉండే ఈ పేరులో ఫాంటుకి పెట్టాల్సిన పరీక్షలు దాదాపు అన్నీ ఉన్నాయి.

‘శ్రీ’లో పైన గుడి దీర్ఘం, మధ్యలో శ, కింద ర ఒత్తు. మూడు అంతస్తులు. ర ఒత్తు అక్షరాన్ని ఎడమవైపు నుంచి చుట్టి వస్తుంది. కొన్ని ఫాంట్లలో అది పక్క అక్షరానికి తగులుతుంది, కొన్నింట్లో మరీ కిందికి జారిపోతుంది. ‘లక్ష్మీ’లో క్ష ఒక జంట రూపం, దాని మీద గుడి దీర్ఘం, దాని కింద మ ఒత్తు. నియమాలు సరిగ్గా రాయని ఫాంటులో క్ష విడిపోయి క కింద ష ఒత్తుగా మారుతుంది, లేదా మ ఒత్తు ఎటో పోయి పడుతుంది.

‘ఫుట్‌వేర్’ దగ్గర చిక్కు వేరు. ట పొల్లు తరవాత వ వచ్చింది. పొల్లు పక్కన హల్లు కనిపిస్తే ఒత్తు చేయడమే కంప్యూటర్‌కి తెలిసిన నియమం. దాన్ని అలాగే వదిలేస్తే బోర్డు మీద ‘ఫుట్వేర్’ అని పడుతుంది. హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్, ఐస్‌క్రీమ్, బుక్‌స్టాల్, ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలన్నిటికీ ఇదే తిప్పలు. మందు కూడా ఉంది. పొల్లు తరవాత కంటికి కనబడని ఒక గుర్తు పెట్టాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్ సంఖ్య 200C. లిబ్రెఆఫీస్‌లో ఇన్సర్ట్ మెనూలోని ఫార్మాటింగ్ మార్క్ దగ్గర దొరుకుతుంది. ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్, యు కలిపి నొక్కి, 200C అని కొట్టి ఎంటర్ నొక్కితే చాలు. కొన్ని పాత ఫాంట్లలో ఈ గుర్తు కనబడకుండా ఉండాల్సింది పోయి ఖాళీ డబ్బాలా కనిపిస్తుంది. అలాంటి ఫాంటుని అక్కడితో పక్కన పెట్టేయొచ్చు.

మీ పేరు తేలిగ్గా ఉన్నా, పక్కన చేరే మాటలు తేలిగ్గా ఉండవు. స్వగృహ, వస్త్రాలయం, జ్యూయలర్స్, ఎలక్ట్రికల్స్, ప్రొప్రైటర్, రాష్ట్రం ఇవన్నీ ఒకసారి కొట్టి చూడండి. తరవాత రెండు వరసల పరీక్ష. పై వరసలో ‘రాష్ట్ర వస్త్రాలయం’, కింది వరసలో ‘శ్రీశ్రీ, పెళ్లి, కిరీటి’ పెట్టండి. పై వరస ఒత్తులు, కింది వరస గుడులు కొట్టుకోకుండా ఉండటానికి ఎంత ఎడం ఇవ్వాల్సి వచ్చిందో చూడండి. వరసల మధ్య ఎక్కువ చోటు తినే ఫాంటు శీర్షికకి బాగున్నా, మెనూ కార్డుకి పనికిరాదు.

చివరగా రూపాయి గుర్తు. కేంద్ర ప్రభుత్వం దాన్ని ఆమోదించింది 2010 జులైలో. అంతకు ముందు తయారై, తరవాత సవరణకి నోచుకోని ఫాంట్లలో అది ఉండదు. అప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంకో ఫాంటు నుంచి దాన్ని అరువు తెచ్చి పెడుతుంది, ధరల పట్టీలో ఆ ఒక్క గుర్తూ తేడాగా కనిపిస్తుంది.

కన్ను ఎంత దూరం చదువుతుంది

మంచి చూపున్న మనిషి కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం చేసే ఖాళీని గుర్తుపట్టగలదు. కళ్ల డాక్టరు గోడకి తగిలించే అక్షరాల పట్టీ ఈ లెక్క మీదే తయారవుతుంది. 20 మీటర్ల దూరంలో ఈ కోణం సుమారు 6 మిల్లీమీటర్లు. 50 మీటర్ల దూరంలో 14 మిల్లీమీటర్ల పైచిలుకు.

ఇప్పుడు ద, ధ, థ పక్కపక్కన రాసుకోండి. ద కింద చిన్న గీత పడితే ధ, లోపల చుక్క కూడా పడితే థ. ప లోపల చిన్న గీత పడితే ష. ఇంత చిన్న తేడాతో అక్షరం మారిపోతుంది కాబట్టి, తెలుగు బోర్డు చదవగలమా లేదా అన్నది అక్షరం మొత్తం ఎత్తు మీద కాక, ఆ చిన్న గీత చుట్టూ ఉన్న ఖాళీ మీద ఆధారపడుతుంది. ఆ ఖాళీ అక్షరం ఎత్తులో పదో వంతు అనుకుందాం. 20 మీటర్ల నుంచి కనబడాలంటే ఆ ఖాళీ 6 మిల్లీమీటర్లు ఉండాలి, అక్షరం 6 సెంటీమీటర్లు ఉండాలి. ఇది నిలబడి, మంచి వెలుతురులో, మంచి కళ్లతో చూసే మనిషి లెక్క. దుమ్ము, ఎండ, వయసు, ప్రయాణం కలుపుకుంటే దాన్ని రెట్టింపో మూడింతలో చేయాలి. 50 మీటర్ల నుంచి చదవాలంటే అడుగు ఎత్తు అక్షరం కావాలన్నమాట. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో బండి మీద వెళ్లే మనిషికి ఆ 50 మీటర్లు దాటడానికి నాలుగున్నర సెకన్లే పడుతుంది.

అడుగు ఎత్తు అంటే అక్షరం ఒళ్లు మాత్రమే. పైన గుడికి, కింద ఒత్తుకి కలిపి దాదాపు ఇంకో అడుగు వదలాలి. మూడడుగుల బోర్డు మీద ‘శ్రీ లక్ష్మీ’ ఒక్క వరసే హాయిగా పడుతుంది. దాని కిందే ఫోన్ నంబరు, ఊరి పేరు, ‘ఇచ్చట అన్ని రకాల’ జాబితా, ప్రొప్రైటర్ పేరు కుక్కితే ఏ ఫాంటూ ఏమీ చేయలేదు.

ఎడం గురించి కూడా ఒక మాట. చూపు సూటిగా పడని చోట ఉన్న అక్షరాన్ని పక్క అక్షరాలు మింగేస్తాయని డచ్ శాస్త్రవేత్త హెర్మన్ బౌమా 1970లో ప్రయోగం చేసి చూపించాడు. పక్కచూపుతో చదివేవాళ్ల కోసం పెట్టేదే దుకాణం బోర్డు. కాబట్టి అక్షరాల మధ్య ఫాంటు ఇచ్చిన దానికన్నా కాస్త ఎక్కువ ఎడం ఇవ్వడమే మేలు. పలచని, నాజూకు గీతల ఫాంట్లు ఆహ్వాన పత్రికలకి పోనివ్వండి.

అక్షరం ఏ వస్తువు మీద ఎక్కుతుంది

ఒకే ఫాంటు కాగితం మీద ఒకలా, వెలుగు మీద ఇంకోలా ప్రవర్తిస్తుంది. వెనకనుంచి లైటు వేసే గ్లో సైన్ బోర్డులో తెల్లని అక్షరం రాత్రిపూట ఉబ్బినట్టు కనిపిస్తుంది, సందులు మూసుకుపోతాయి. దానికి కొంచెం తక్కువ మందం ఉన్న రూపం వాడాలి. పసుపు ఫ్లెక్సీ మీద నల్లక్షరాలకి అంత అవసరం లేదు.

ఏసీపీ షీటు మీద అక్రిలిక్ అక్షరాలు కోయించి లోపల ఎల్‌ఈడీలు పెట్టిస్తే లెక్క మళ్లీ మారుతుంది. ఇంగ్లిష్ అక్షరాలు చాలావరకు ఒక్క ముక్క. మన ప, ఫ, ష, స, హలకి తలకట్టు విడిగా ఉంటుంది, కింద ఒత్తు ఇంకో ముక్క. ‘స్వగృహ’ అన్న మాటనే చూడండి. స ఒకటి, దాని తలకట్టు ఒకటి, వ ఒత్తు ఒకటి, గ ఒకటి, వట్రసుడి ఒకటి, హ ఒకటి, దాని తలకట్టు ఒకటి. మూడక్షరాల మాటకి ఏడు ముక్కలు. ప్రతి ముక్కకీ కోత, బిగింపు, కరెంటు తీగ వేరు. చిన్న తలకట్టులో ఎల్‌ఈడీ పట్టకపోతే అది రాత్రిపూట చీకట్లోనే ఉండిపోతుంది. ఇలాంటి బోర్డుకి తలకట్టు, ఒత్తు ఒంటికి అతుక్కుని ఉండే మందపాటి ఫాంటు చూసుకుంటే ఖర్చు నేరుగా తగ్గుతుంది.

బిల్లు దగ్గర ఇబ్బంది దీనికి వ్యతిరేకం. మామూలు థర్మల్ ప్రింటరు అంగుళానికి 203 చుక్కలు వేస్తుంది, అంటే మిల్లీమీటరుకి 8. వరస మొత్తం ఎత్తు 3 మిల్లీమీటర్లయితే గుడికీ, అక్షరానికీ, ఒత్తుకీ కలిపి ఉన్నవి 24 చుక్కలు. ఒత్తు వాటాకి ఏడెనిమిది. అందులో మందపాటి ఫాంటు పెడితే ముద్దయిపోతుంది, నాజూకుది పెడితే గీత తెగిపోతుంది. గీత మందం అంతటా ఒకేలా ఉండే నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూర్ లాంటివి మామూలు మందంలో, 4 మిల్లీమీటర్లకి తగ్గకుండా పెడితే చదవొచ్చు.

పచ్చడి సీసా, పొడుల ప్యాకెట్ అమ్మేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. ప్యాకెట్ సరుకుల నిబంధనల ప్రకారం తప్పనిసరి వివరాలు ఇంగ్లిష్‌లోనో దేవనాగరి లిపి హిందీలోనో ఉండాలి, తెలుగు వాటికి అదనం. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, 15 అక్షరాల జీఎస్‌టీ నంబరు కూడా చిన్న సైజులోనే పడతాయి. కాబట్టి తెలుగు ఎంత బాగున్నా, అదే ఫాంటులో 3కి 8కి, 1కి 7కి, సున్నాకి ఇంగ్లిష్ ఓకి తేడా తెలుస్తుందో లేదో చూసుకోవాలి. దుకాణానికి డబ్బు తెచ్చే అక్షరాల్లో ఫోన్ నంబరుదే మొదటి స్థానం.

ఒకే ఇంటి ఫాంట్లు

అష్టదిగ్గజాల పేర్లున్న ఫాంట్లు ఒకే మందంలో దొరుకుతాయి. బోర్డు మీద పేరుకి అది చాలు. కానీ బోర్డు, మెనూ, లేబుల్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టు అన్నీ ఒకే తీరుగా ఉండాలంటే రకరకాల మందాలున్న కుటుంబం తీసుకోవాలి. హింద్ గుంటూర్‌లో ఐదు మందాలు, బాలూ తమ్ముడు 2లో ఐదు, నోటో సాన్స్ తెలుగులో తొమ్మిది ఉన్నాయి. ఒక్క మందమే ఉన్న ఫాంటుకి సాఫ్ట్‌వేర్‌లో బోల్డ్ నొక్కితే అది అంచుల చుట్టూ గీత పూసి లావు చేస్తుంది. ధ కింది సందు పూడిపోయి ద అయిపోతుంది. బోల్డ్ అక్షరాన్ని విడిగా గీసిన ఫాంటులో ఆ సందు కోసం చోటు వదిలిపెట్టి ఉంటారు.

పేరు పొడుగై బోర్డు ఇరుకైనప్పుడు అక్షరాలని పక్కలనుంచి నొక్కడం మన దగ్గర అలవాటు. అలా నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డగీతలు అలాగే ఉంటాయి, గుండ్రని తెలుగు అక్షరం కోడిగుడ్డయి కూర్చుంటుంది. ముంబయికి చెందిన ఎక్ టైప్ బృందం చేసిన అనేక్ తెలుగులో దీనికి జవాబుంది. అది వేరియబుల్ ఫాంటు. ఒకే ఫైలులో సన్నం నుంచి లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా జరుపుకోవచ్చు. చుక్కల స్థానాలని లెక్క ప్రకారం జరుపుతుంది కాబట్టి అక్షరం ఇరుకైనా గీత మందం చెడదు.

సరిహద్దు ఊళ్లలో, బెంగళూరు, చెన్నైలలో వ్యాపారం చేసే తెలుగువాళ్లకి ఇదే బృందం చేసిన ఫాంట్లు ఇంకో రకంగా అక్కరకొస్తాయి. బాలూ కుటుంబంలో తెలుగుకి తమ్ముడు ఉంటే కన్నడకి తమ్మ, తమిళానికి తంబి ఉన్నాయి. అనేక్‌లోనూ తెలుగుతోపాటు తొమ్మిది లిపులు దొరుకుతాయి. పేరు ఏ లిపిలో రాసినా దుకాణం ఒకటేనని చూడగానే తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఉర్దూ కూడా రాయించేవాళ్లకి నోటో నస్తాలిక్ ఉర్దూ ఉచితమే.

ఒక వ్యాపారానికి రెండు ఫాంట్లు దాటనివ్వకండి: పేరుకి ఒకటి, మిగతా రాతకి ఒకటి. ఇంటి వంట అన్న భావన కలగాలంటే పేరుకి చేతిరాత తీరున్న లక్కిరెడ్డి, మిగతాదానికి నోటో సాన్స్. పుస్తకాల దుకాణానికో చేనేత చీరలకో అయితే సంప్రదాయ ముద్రణ పోకడ ఉన్న టీరో తెలుగు బాగా కుదురుతుంది.

డీటీపీ సెంటర్‌లో ఏం అడగాలి

మన ఊళ్లలో డీటీపీ సెంటర్లు చాలావరకు అను, శ్రీలిపి లాంటి పాత పద్ధతి ఫాంట్లకి అలవాటుపడ్డాయి. వాటిలో తెలుగు రూపాలు ఇంగ్లిష్ అక్షరాల గడుల్లో కూర్చుని ఉంటాయి. అచ్చులో చక్కగా ఉంటుంది. అదే రాతని ఆ ఫాంటు లేని ఫోనులో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలుగా కనిపిస్తుంది, వెతుకులాటకి దొరకదు. ఫ్లెక్సీకి ఫరవాలేదు. గూగుల్ మ్యాప్స్‌లో, వాట్సాప్ బిజినెస్‌లో, వెబ్‌సైట్‌లో దుకాణం పేరు యూనికోడ్‌లోనే ఉండాలి. ఆ పేరునే బోర్డు మీద కూడా ఉచిత యూనికోడ్ ఫాంటులో వేయిస్తే రెండు చోట్లా ఒకే రూపం ఉంటుంది.

ఫొటోషాప్, ఇన్‌డిజైన్‌లలో భారతీయ లిపుల అమరికని సెట్టింగుల్లో విడిగా ఎంచుకోవాల్సి రావచ్చు. పాత వెర్షన్లలో మరీను. అందుకే యూనికోడ్ తెలుగు పేస్ట్ చేయగానే ఒత్తులు ఊడిపోయాయని ఆపరేటర్లు అంటుంటారు. ఆ తలనొప్పి లేకుండా ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో పేరు కొట్టుకుని, అక్షరాలని గీతలుగా మార్చి, పీడీఎఫ్‌గానో ఎస్‌వీజీగానో పట్టుకెళ్లడం మేలు. ప్రింటింగ్ వాళ్ల భాషలో దీన్ని కర్వ్స్ చేయడం అంటారు. కర్వ్స్ అయ్యాక ఎదుటి కంప్యూటర్‌లో ఫాంటు ఉన్నా లేకపోయినా ఒక్కటే, ఒత్తు కదలదు. ఆ తరవాత స్పెల్లింగ్ దిద్దడం కుదరదు కాబట్టి మార్చకముందు ఒక కాపీ విడిగా దాచుకోండి.

పక్క దుకాణానికీ అదే ఫాంటు

ఉచిత ఫాంటుతో ఉన్న లోటు ఒక్కటే. మీకు దొరికిందే అందరికీ దొరుకుతుంది. బాపు చేతిరాతని పోలిన అక్షరాలు పెళ్లిపత్రికల నుంచి హోటల్ బోర్డుల దాకా వ్యాపించాక, ఆ అందం ఏ ఒక్కరి గుర్తుగానూ మిగల్లేదు. ట్రేడ్‌మార్క్ నమోదు చేయించుకున్నా రక్షణ దొరికేది మీ పేరుకీ, దాన్ని తీర్చిన తీరుకీ మాత్రమే, ఫాంటు మీద మీకు ప్రత్యేక హక్కేమీ రాదు. వ్యక్తులు, చిన్న సంస్థలు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకుంటే ఒక్కో తరగతికి 4,500 రూపాయల రుసుం కట్టాలి. అంత కట్టేముందు ఆ తీరు మీదేనని చెప్పుకునేలా ఉండాలి కదా.

దారి ఓపెన్ లైసెన్స్‌లోనే ఉంది. అది అక్షరాన్ని మార్చుకోనిస్తుంది. పేరుని కర్వ్స్ చేశాక ఒక్క చోట చెయ్యి పెట్టండి. శ్రీ కింద ర ఒత్తుని పేరు పొడుగునా సాగదీయొచ్చు, తలకట్టుని ఆకుగానో సూదిగానో తీర్చొచ్చు, దీర్ఘాన్ని దోసె గరిటె చేయొచ్చు. ఒక్క చోటే, రెండు వద్దు. అదీ ద, ధ, ప, ష లాంటి అక్షరాల్లో తేడా చెప్పే గీత జోలికి పోకుండా. ఈ పని మీకు రాకపోతే కుంచెతో బోర్డులు రాసిన పాత ఆర్టిస్టులు ఊళ్లో ఇంకా ఉన్నారు. ఫ్లెక్సీలు వచ్చాక వాళ్లకి పని తగ్గింది గానీ ఒత్తు ఎక్కడ వేస్తే అక్షరం నిలబడుతుందో వాళ్ల చేతికి తెలుసు. ఫాంటు మీద మిగిలిన డబ్బులో కొంత వాళ్లకిచ్చి ఆ ఒక్క వంపూ గీయించుకోండి. పక్క దుకాణంవాళ్లు అదే ఫాంటు దింపుకున్నా ఆ వంపు మాత్రం వాళ్లకి దొరకదు.